మిసిసిపీ రోడ్ల పక్క చారిత్రక ఫలకాలకు మళ్లీ రంగు వేయడం ఎలా?

డెల్టారోడ్డు:
మాది అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో పల్లెటూరి కౌంటీ (జిల్లాలాంటిది). నెత్తిన మాగ్నోలియా పువ్వుండే ఆకుపచ్చ ఫలకాల్లో పాతవి కొన్ని చదవలేనంతగా వెలిసిపోయాయి. ఒకదాని స్తంభం ఒరిగింది, ఇంకోదానికి తూటా రంధ్రాలున్నాయి. స్థానిక చరిత్ర సంఘం వాలంటీర్లు రంగు వేయొచ్చా? ఏ వరసలో?

పోతపని:
ముందు అనుమతి. 1949 నుంచి ఈ ఫలకాల కార్యక్రమం రాష్ట్ర ఆర్కైవ్స్ అండ్ హిస్టరీ శాఖది. ఏ రంగు వాడాలో కూడా వాళ్లనే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. రోడ్డు రాష్ట్రానిదైతే రవాణా శాఖకు, కౌంటీదైతే కౌంటీకి కూడా చెప్పాలి.

ఫలకం పోత అల్యూమినియమే కదా అని వైర్ బ్రష్ పట్టుకోకండి, గీతలు పడతాయి. ఇసుకతో బ్లాస్టింగ్ అసలు వద్దు. గిన్నెల సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు, నాచు పోతుంది. లేచిన రంగును ప్లాస్టిక్ స్క్రేపర్‌తో తీసి, లోహం బయటపడిన చోట ఎచింగ్ ప్రైమర్ (లోహాన్ని పట్టుకునే అడుగు పూత) పూయండి. అది లేకపోతే కొత్త రంగు పొరలుపొరలుగా ఊడుతుంది. తర్వాత అక్షరాల వెనకుండే ఆకుపచ్చ రంగు, రెండు పలచటి కోట్లు. ఒక రోజంతా ఆరనివ్వండి.

అక్షరాల దగ్గరే చాలామంది బోల్తా పడేది. పొట్టి నూగున్న గట్టి రోలర్ తీసుకుని, రంగులో ముంచాక అట్టముక్క మీద దొర్లించి, దాదాపు పొడిగా అయ్యాకే ఉబ్బెత్తు అక్షరాల మీద తేలిగ్గా నడపాలి. తడి ఎక్కువైతే రంగు అంచుల మీదుగా జారి ఏ, బి, ఆర్ అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి. పువ్వుకు మాత్రం సన్న బ్రష్షే. పొద్దున్నే మంచు తడి మీద మొదలుపెట్టొద్దు.

సీసంభయం:
పైదానికి ఒక్కటి చేర్చాలి. అమెరికాలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకుముందు వేసిన రంగైతే ముందు టెస్ట్ కిట్‌తో చూడండి. పొడిగా రుద్దకండి, తడిపి గీకండి. పెచ్చులు రోడ్డు పక్క గడ్డిలో రాలకుండా కింద ప్లాస్టిక్ పరవండి.

డెల్టారోడ్డు:
మరి తూటా రంధ్రాలు?

నదిగట్టు:
పూడ్చే ముందు ఫోటోలు తీసి షెరీఫ్ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి. రంధ్రాలూ చరిత్రలో భాగమే. 1955లో మిసిసిపీలో తెల్లవాళ్లు చంపేసిన 14 ఏళ్ల నల్లజాతి బాలుడు ఎమెట్ టిల్. టాలహాచీ కౌంటీలో అతని స్మారక ఫలకాన్ని 2008లో నదిగట్టున పెట్టారు. దాన్ని ఎత్తుకుపోయారు, తర్వాత పెట్టినవాటిని తుపాకులతో కాల్చారు. వాటిలో 317 రంధ్రాలున్న ఫలకం 2021లో వాషింగ్టన్‌లోని అమెరికన్ హిస్టరీ మ్యూజియంలో ప్రదర్శనకు వెళ్లింది. 2019లో అక్కడ పెట్టింది తూటాలకు తట్టుకునే ఉక్కుది, 500 పౌండ్లకు పైనే.

మీది పూడ్చాలనుకుంటే అల్యూమినియం పొడి కలిసిన ఎపాక్సీ (గట్టిపడే జిగురు) వాడండి. తూటా బయటికొచ్చిన వైపు విచ్చుకున్న అంచులను సుత్తితో కొట్టకండి, పోత లోహం పగులుతుంది. ఆకురాయితో అరగదీయండి.

పౌరహక్కుల ఉద్యమ స్థలాల్లో పెట్టే ఫ్రీడమ్ ట్రెయిల్ ఫలకాలు వేరు, వాటి వెనకవైపు ఉండేది ఫోటోలు ముద్రించిన వినైల్ (ప్లాస్టిక్ పొర). మిసిసిపీలోనే మనీ అనే ఊళ్లోని అలాంటి ఫలకం వినైల్‌ను 2017లో ఒలిచేశారు. అలాంటిదానికి రంగు పనికిరాదు, మళ్లీ ప్రింట్ చేయించాల్సిందే.

పోతపని:
ఒరిగిన స్తంభం సంగతి మిగిలింది. మిసిసిపీ డెల్టా ప్రాంతపు బంకమట్టి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది, పైపైన పోసిన కాంక్రీటు దానితోపాటే కదులుతుంది. తవ్వే ముందు 811కి ఫోన్ చేయండి, భూమిలో పైపులు, కేబుళ్లు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టిస్తారు, ఉచితం. ఫలకాన్ని ఇద్దరు పట్టుకుని దించాకే స్తంభం తీయండి. బోల్టుల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే, వేరే లోహం తగిలి అల్యూమినియం తినేస్తోందన్నమాట, అవి మామూలు ఇనుపవి కావచ్చు. స్టెయిన్‌లెస్ బోల్టులు, నైలాన్ వాషర్లు వేయండి.