సమస్యాపూరణం: ఎలుకఁ జూచి పిల్లి యిల్లు విడిచె

నిర్వాహకుడు: మిత్రులకు నమస్సులు. పైది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. ఈసారి పూరణలన్నీ పిల్లల టీవీ కార్టూన్ల నుంచే రావాలి. కలలో జరిగిందనో, నాటకంలో వేషమనో చెప్పి సమస్యను దాటవేయవద్దు. మనం చూసిన బొమ్మల కథల్లోనే దీనికి సమాధానాలున్నాయి. సంధి కోసం 'యెలుక', 'నెలుక' అని మార్చుకోవచ్చు.

హనుమకొండ సభ్యుడు:

పళ్ళె మొకటి పగుల బయటికే యనె నామె
గిన్నె లన్ని జార్చి గెలిచె నెలుక
తప్పు తనది కాక తలవంచి మౌనాన
యెలుకఁ జూచి పిల్లి యిల్లు విడిచె

నిర్వాహకుడు: ఎంత చక్కని ఎంపిక! విలియం హానా, జోసెఫ్ బార్బెరా కలిసి 1940లో ఎంజీఎం సంస్థకు తీసిన 'పుస్ గెట్స్ ద బూట్' కథ ఇది. టామ్ అండ్ జెర్రీకి అదే మొదలు. అప్పటికి పిల్లి పేరు జాస్పర్, ఎలుకకు తెరమీద పేరే లేదు. ఇంకొక్క వస్తువు పగిలినా బయటికి గెంటేస్తానని ఇంట్లో పనిచేసే ఆమె పిల్లిని హెచ్చరిస్తుంది. ఆ మాట ఎలుక చెవిన పడుతుంది, ఇక గాజు సామానే దాని ఆయుధం. కాబట్టి పిల్లి వెళ్లింది ఎలుక భయంతో కాదు, ఎలుక తెచ్చిన నింద వల్ల. సమస్యలోని అసంబద్ధతను విడదీసిన తీరు నిజంగా మెచ్చదగినది.

ఒక్క అభ్యంతరం. జాస్పర్ తలవంచుకుని తనంతట తాను వెళ్లే రకం కాదు, వెళ్లగొట్టారు. మూడో పాదాన్ని ఇలా చూడండి:

తప్పు తనది కాదు తరుమంగఁ దప్పక

హనుమకొండ సభ్యుడు: ధన్యవాదాలు గురువుగారూ. 'తరుమంగ' అనడంతో కథ పూర్తయింది.

గుంటూరు సభ్యుడు: రెండో పాదం మాత్రం పంపుతున్నాను. మిక్కీ మౌస్, పీట్ పిల్లి:

మిక్కి యీల వేసి పీటుఁ దరిమె

నిర్వాహకుడు: మి–పీ యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలోని నియమిత అక్షరంతో పొత్తు, చెల్లదు. 'మీఱె నతని' అంటే యతి కుదురుతుంది. అయినా కథ ఒప్పుకోదు. 1928 నాటి 'స్టీమ్‌బోట్ విల్లీ'లో పీట్ ఓడకు కెప్టెన్, చివరికి మిక్కీ చేతనే బంగాళాదుంపలు చెక్కిస్తాడు.

డాలస్ సోదరి:

చెవులు కొరికి పోయెఁ జిట్టెలుకయె నాఁడు
నీలి రంగు పిల్లి నిదుర మరిచె
తోటి బాలు డెంత తోడున్న వణుకుచు
నెలుకఁ జూచి పిల్లి యిల్లు విడిచె

నిర్వాహకుడు: అమ్మా, డోరేమాన్‌ను తెచ్చినందుకు సంతోషం. ఫుజికో ఎఫ్. ఫుజియో సృష్టించిన ఈ మరపిల్లి ఎత్తు 129.3 సెంటీమీటర్లు, బరువు 129.3 కిలోలు. అంతటిది చిట్టెలుకకు జడుస్తుంది. చెవులు పోయిన సంగతి మొదటి పాదంలోనే చెప్పడం వల్ల భయానికి కారణం ముందే దొరికింది. కానీ పద్యంలో 'పిల్లి' రెండుసార్లు వచ్చింది, రెండో పాదంలో 'బొమ్మ' అని వేసి చూడండి.

డాలస్ సోదరి: 'బొమ్మ' అంటే ప్రాణం లేనిదనుకుంటారేమో గురువుగారూ. ఆ కథలోని బాలుడు నోబితాకు అతను స్నేహితుడు. పునరుక్తి ఉన్నా 'పిల్లి'నే ఉంచుకుంటాను.

నిర్వాహకుడు: మీ మాటే సరైనది. ఉంచండి.

విశాఖ సభ్యుడు:

గంతు లేయు కూన కంగారు జాతిది
పెంచి చూపె దాని బెదురు కనులు
పోరలేక యోడి పొగరెల్లఁ బోఁ గాని
యెలుకఁ జూచి పిల్లి యిల్లు విడిచె

నిర్వాహకుడు: ఈసారి నా మనసు దోచిన పూరణ ఇదే. రాబర్ట్ మెకిమ్సన్ 1948లో తీసిన 'హాప్, లుక్ అండ్ లిజన్'లో జంతుప్రదర్శనశాల నుంచి తప్పించుకున్న కంగారూ పిల్లను సిల్వెస్టర్ పిల్లి పెద్ద ఎలుక అనుకుంటుంది. దెబ్బలు తిని బయటికి వస్తే, ఎలుకకు భయపడతావా అని బుల్‌డాగ్ మళ్లీ లోపలికి తోస్తుంది. మిగతా ఇద్దరూ పిల్లి ఎందుకు వెళ్లిందో చెప్పారు. ఈయన ఎలుకనే లేకుండా చేశారు! 'కాని యెలుక' అని మూడో పాదం చివర విరిచి చదివితే సమస్య పాదానికి అర్థమే తిరగబడుతుంది. పెంచి చూపింది కనులు కాదు, బెదురు కనులు అనడంలో సిల్వెస్టర్ స్వభావం మొత్తం ఉంది.

'గంతు లేయు' వాడుక మాట, పద్యంలో మిగతా భాషతో కలవదు. 'గంతు వేయు' అనండి, గణం చెడదు.