గ్రూప్డ్ బార్ చార్ట్: ఏ బార్ పక్కన ఏది నిలబెట్టాలి?

పట్టికల_పని: 2001, 2011 జనగణనల అక్షరాస్యత శాతాలు. కేరళ, తమిళనాడు, కర్ణాటక, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. పురుషులు, స్త్రీలు విడివిడిగా. మొత్తం 16 బార్లు ఎక్సెల్‌లో ఒకే గ్రూప్డ్ బార్ చార్టులో (బార్లు గుంపులు గుంపులుగా ఉండే చార్టు) ఉన్నాయి, రంగులు మార్చినా ఏమీ తెలియడం లేదు. ఎలా అమర్చాలి?

గీత_గడి: రంగుల కంటే ముందు తేల్చుకోవాల్సింది ప్రశ్న. పక్కపక్కన తగులుతూ ఉన్న రెండు బార్లనే కన్ను పోలుస్తుంది. మధ్యలో ఇంకో బార్ అడ్డొస్తే ఆ పోలిక కష్టం.

మీ పట్టికలో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది, స్త్రీ పురుషుల మధ్య తేడా ఎంత? దానికి 2011 ఒక్కటే తీసుకుని, రాష్ట్రానికి రెండు బార్లు చాలు: కేరళలో పురుషులు 96.11, స్త్రీలు 92.07; ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పురుషులు 74.88, స్త్రీలు 59.15. అంటే ఒకచోట తేడా 4 పాయింట్లు, ఇంకోచోట దాదాపు 16. రెండోది, పదేళ్లలో ఎవరు ఎంత పెరిగారు? ఇప్పుడు పక్కపక్కన ఉండాల్సినవి 2001, 2011. ఉమ్మడి ఆంధ్రలో స్త్రీలు 50.43 నుంచి 59.15కి, పురుషులు 70.32 నుంచి 74.88కి వెళ్లారు. స్త్రీల పెరుగుదల దాదాపు రెట్టింపు. మొదటి చార్టులో ఈ సంగతి బయటపడదు.

కాబట్టి రెండు చార్టులు వేయండి. రెండోదాన్ని స్త్రీలకు ఒక గడి, పురుషులకు ఒక గడిగా విడదీసి, రెండు గడులకూ ఒకే నిలువు స్కేలు 0–100 ఇవ్వండి. స్కేళ్లు వేరైతే ఆ పోలికకు అర్థం లేదు. గుంపుకు మూడు బార్లు దాటితే నేనైతే ఎప్పుడూ ఇలా విడదీయడానికే ఓటేస్తాను.

శీర్షిక కింద ‘ఆంధ్రప్రదేశ్‌లో తెలంగాణ కలిసి ఉంది’ అని తప్పక రాయండి. 2014 తర్వాతి సరిహద్దులు మనసులో ఉన్నవాళ్లు తప్పుగా చదువుతారు.

సెల్_ఏ1: ఎక్సెల్ సంగతి. బార్ మీద కుడి క్లిక్, ఫార్మాట్ డేటా సిరీస్. కొత్త వెర్షన్లలో గ్యాప్ విడ్త్ (గుంపుల మధ్య ఖాళీ) 219%, సిరీస్ ఓవర్‌ల్యాప్ (గుంపులోని బార్లు ఒకదానిమీదొకటి ఎంత ఎక్కాలో; మైనస్ అయితే మధ్యలో ఖాళీ) మైనస్ 27% ఉంటాయి. గ్యాప్ విడ్త్ లెక్క ఒక బార్ వెడల్పులో శాతం. 219 అంటే గుంపుల మధ్య రెండు బార్లకు మించిన ఖాళీ, అందుకే బార్లు పుల్లల్లా వస్తాయి. ఓవర్‌ల్యాప్ 0, గ్యాప్ 60–80 చేయండి. గుంపులోని ఖాళీ గుంపుల మధ్య ఖాళీ కంటే చిన్నగా ఉంటేనే జత జతగా కనిపిస్తుంది.

సంవత్సరాలను మొదటి నిలువు వరుసలో పెడితే ఇంకో చిక్కు. ఎక్సెల్ వాటిని కూడా విలువలనుకుని 2011 ఎత్తు బార్ గీస్తుంది, అసలు బార్లు నేలకు అంటుకుపోతాయి. చార్టు పెట్టకముందే ఎడమ పై మూల సెల్ ఖాళీ చేయండి. రాష్ట్రాలు, సంవత్సరాలు తారుమారైతే స్విచ్ రో/కాలమ్ నొక్కితే సరి.

పట్టికల_పని: అర్థమైందండీ. నిలువు అక్షం 50 నుంచి మొదలుపెడితే తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది కదా?

గీత_గడి: వద్దండీ. బార్ చెప్పే విషయమంతా దాని పొడవులోనే ఉంది. 50 దగ్గర కోసేస్తే ఉమ్మడి ఆంధ్ర పురుషుల బార్‌కు మిగిలేది 24.88, స్త్రీలకు 9.15. స్త్రీల అక్షరాస్యత పురుషుల దాంట్లో మూడో వంతు చిల్లరలా కనిపిస్తుంది, నిజానికి అది 79 శాతం. విలువలు దగ్గరదగ్గరగా ఉంటే ఎక్సెల్ తనంతట తానే అక్షాన్ని పైనుంచి మొదలుపెడుతుంది, మినిమమ్‌లో 0 అని స్వయంగా టైపు చేయండి.

చుక్క_గీత: తేడాయే ముఖ్యమైతే బార్లు మానేసి, రాష్ట్రానికి రెండు చుక్కలు పెట్టి మధ్యలో గీత కలపండి. చుక్క స్థానాన్ని చెబుతుంది, పొడవును కాదు, కాబట్టి 50 నుంచి మొదలైనా మోసం లేదు. వరుస మాత్రం అక్షర క్రమంలో వద్దు, స్త్రీల శాతం ప్రకారం పెట్టండి: కేరళ, తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్. ఇక్కడ తేడా ప్రకారం పేర్చినా ఇదే వరుస వస్తుంది.

కోడు_మూట: మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో (పైథాన్‌లో చార్టులు గీసే లైబ్రరీ) చేసేవాళ్లకు: ఒక్కో బార్ వెడల్పు కోసం గుంపు మొత్తం వెడల్పు 0.8ని సిరీస్‌ల సంఖ్యతో, అంటే గుంపులోని బార్ల సంఖ్యతో, భాగించాలి. రెండైతే 0.4, గుంపు మధ్య నుంచి మైనస్ 0.2, ప్లస్ 0.2 జరపాలి. మూడైతే సుమారు 0.27, మైనస్ 0.27, 0, ప్లస్ 0.27. మొదటి సిరీస్‌ను జరపకుండా రెండోదాన్ని మాత్రమే జరిపితే రాష్ట్రం పేరు మొదటి బార్ కిందే ఉండిపోతుంది.

జీజీప్లాట్2లో (ఆర్ భాషలో చార్టులు గీసే ప్యాకేజీ) ఒక గుంపులో విలువ లేకపోతే మిగిలిన బార్ గుంపంతా పరుచుకుని లావుగా వస్తుంది. పొజిషన్ డాడ్జ్‌లో (బార్లను పక్కపక్కన జరిపే అమరిక) ప్రిజర్వ్‌ను ‘సింగిల్’ చేయండి. బార్ల మీద రాసిన అంకెలు బార్ల మధ్యకు జారితే, టెక్స్ట్‌కు కూడా డాడ్జ్ వెడల్పు 0.9 ఇవ్వాలి.

సెల్_ఏ1: రంగులు: రెండు వేర్వేరు వర్గాలైతే నీలం (0, 114, 178), నారింజ (230, 159, 0); ఇవి వరుసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు. ఎరుపు, ఆకుపచ్చ వేరుగా గుర్తించలేని వాళ్లకూ తెలుస్తాయి. సంవత్సరాలకైతే ఒకే రంగు చాలు, 2001 లేతగా, 2011 ముదురుగా. నలుపు తెలుపు ప్రింటులోనూ నిలుస్తుంది.

పట్టికల_పని: ఇదే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ప్రయత్నిస్తే రాష్ట్రాల పేర్లు డబ్బాలుగా వచ్చాయి. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ ఇస్తే అక్షరాలు వచ్చాయి కానీ ‘ఆంధ్రప్రదేశ్’లో వత్తులు విడిపోతున్నాయి.

కోడు_మూట: డబ్బాలకు కారణం డిఫాల్ట్ ఫాంట్‌లో తెలుగు లేకపోవడం. వత్తులు విడిపోవడం వేరే సమస్య: మ్యాట్‌ప్లాట్‌లిబ్ చాలా వెర్షన్లలో అక్షరాలను కలిపి కూర్చదు. ఎస్‌వీజీగా (బ్రౌజర్‌లో తెరుచుకునే బొమ్మ ఫైలు) సేవ్ చేస్తూ, ఎస్‌వీజీ ఫాంట్‌టైప్‌ను ‘నన్’ (none) చేయండి. అప్పుడు పేర్లు పాఠంగానే ఉంటాయి, బ్రౌజర్ వాటిని సరిగ్గా కూరుస్తుంది. చూసేవాళ్ల యంత్రంలో తెలుగు ఫాంట్ ఉండాలి. పీఎన్‌జీ బొమ్మే కావాలంటే ఆ ఎస్‌వీజీని బ్రౌజర్‌లో తెరిచి స్క్రీన్‌షాట్ తీసుకోండి.