కేంద్రంలో పదవి వదిలి మేయర్ కావడం కిందికి దిగినట్టేనా? (రోటర్‌డామ్, అబుతాలెబ్)

ఒంగోలు_శ్రీను:
అందరికీ నమస్కారం. మా అబ్బాయి చదువుకి రోటర్‌డామ్ వెళ్తున్నాడు. ఆ ఊరి గురించి వెతుకుతుంటే అహ్మద్ అబుతాలెబ్ అనే పేరు పదే పదే తగిలింది. 2007లో నెదర్లాండ్స్ ప్రభుత్వంలో సహాయ మంత్రి లాంటి పదవి, రెండేళ్లు తిరక్కుండానే 2009 జనవరిలో రోటర్‌డామ్ మేయర్. మన దగ్గరైతే పక్కన పెట్టేశారంటాం. పైగా ఎన్నికల్లో నిలబడలేదట. నిజమేనా?

మాస్_ఒడ్డున_పద్మ:
నిజమేనండీ. ఇక్కడ మేయర్‌ని జనం ఎన్నుకోరు. కౌన్సిల్ ఒక పేరు సిఫారసు చేస్తుంది, రాజముద్రతో ఆరేళ్లకు నియామకం వస్తుంది. ఊళ్లో శాంతిభద్రతల బాధ్యత ఆయనదే. మన కార్పొరేషన్‌లో కమిషనర్ చేతిలో, పోలీసు బాస్ చేతిలో ఉండే పనులు కొన్ని ఇక్కడ మేయర్ బల్లమీదికొస్తాయి. అందుకే అది దిగడం కాదు.

ఆయన మొరాకోలో ఒక ఇమాము కొడుకు. 1976లో, 15 ఏళ్లప్పుడు ఈ దేశం వచ్చాడు. టెలికాం చదివి, రేడియో, టీవీ విలేకరిగా చేసి, 2004లో ఆమ్‌స్టర్‌డామ్ పాలకవర్గంలో చేరాడు. ఆ నవంబర్‌లోనే, ఇస్లాంని విమర్శించే సినిమా దర్శకుడు తియో వాన్ గోఖ్‌ని ఒక ముస్లిం తీవ్రవాది ఆ ఊళ్లోనే హత్య చేశాడు. అప్పుడు మసీదుకెళ్లి, ఈ సమాజపు విలువలు ఒప్పుకోనివాళ్లు వెళ్లిపోవచ్చని మొహమ్మీదే చెప్పాడు. నాకు ఆయనంటే గౌరవం అక్కడే మొదలైంది. సొంతవాళ్ల ముందు ఆ మాట అనడానికి గుండె కావాలి. రోటర్‌డామ్ వచ్చినప్పుడు రెండు పాస్‌పోర్టులున్నాయని గోల చేసినవాళ్లున్నారు. అయినా 2024 అక్టోబర్ దాకా, 15 ఏళ్లకు పైగా ఉన్నాడు.

ఒకసారి కౌన్సిల్ సమావేశం చూడ్డానికి వెళ్లాను. 45 మంది సభ్యులు వాదించుకుంటుంటే ఆయన అధ్యక్ష స్థానంలో కూర్చుని విన్నాడు. ఓటింగ్ వచ్చింది, ఆయన చెయ్యి లేవలేదు. మేయర్‌కి అక్కడ ఓటు లేదు.

నల్గొండ_రవి:
అక్కా, ఎంత మంచోడైనా జనం ఓటెయ్యకుండా 15 ఏళ్లంటే నాకు మింగుడు పడట్లేదు.

మాస్_ఒడ్డున_పద్మ:
రవీ, ఆ ప్రశ్న ఇక్కడివాళ్లూ అడుగుతారు. నేనైతే మేయర్ ఏ పార్టీ ఓట్లకీ చెయ్యి చాచక్కర్లేదు కాబట్టే మొహమాటం లేకుండా మాట్లాడగలడంటాను. కౌన్సిల్‌ని మాత్రం మనమే ఎన్నుకుంటాం. శ్రీను గారూ, మీ అబ్బాయికి చెప్పండి: ఐదేళ్లు వరసగా చట్టబద్ధంగా ఉంటే, పౌరసత్వం లేకపోయినా మున్సిపల్ ఓటుంది. నేను 2022 మార్చిలో వేశాను. దుప్పటంత బ్యాలెట్ కాగితం, ఎర్ర పెన్సిల్. ఒక్క గడి నింపి మడతపెట్టేసరికి చేతులు వణికాయి.