పాత మోడల్ నిలువు వాక్యూమ్ క్లీనర్ మళ్లీ చేస్తే మనోళ్లు కొంటరా?

హన్మకొండ వైండింగ్:
అందరికీ నమస్తే. మాది మోటర్ వైండింగ్ షాప్, మా నాయిన షురూ చేసిండు, ఇప్పుడు నేను చూసుకుంటున్న. రెండేండ్ల కింద ఒకాయన అమెరికా నుంచి తెచ్చుకున్న పాత నిలువు వాక్యూమ్ పట్టుకొచ్చిండు. అది 120 వోల్టులది, ట్రాన్స్‌ఫార్మర్ లేకుండ మన 230ల పెట్టేసరికి పొగొచ్చి మోటర్ కాలింది. లోపల తిరిగే ఆర్మేచర్, దాని చుట్టూ కదలకుండ ఉండే ఫీల్డ్ కాయిల్ రెండూ సన్న తీగతోని ఇంచుమించు డబుల్ చుట్లు చుట్టి ఇచ్చిన, ఇప్పటికీ నడుస్తాంది. విప్పినప్పటి నుంచి నా మనసంతా దాని మీదనే ఉన్నది. అల్యూమినియం బాడీ, అన్నీ స్క్రూలే, షాఫ్ట్ నుంచి ఒక రబ్బర్ బెల్ట్, దాంతోని తిరిగే బ్రష్, హ్యాండిల్‌కు వేలాడే గుడ్డ సంచి, అంతే.

ఈ డిజైన్ పుట్టింది అమెరికాల, ఒహాయోల కాంటన్ అనే ఊర్లె. ఒక పెద్ద దుకాణంల ఊడ్చే పని చేసే జేమ్స్ స్పాంగ్లర్‌కు దుమ్ముతోని ఆయాసం వచ్చేది, ఫ్యాన్ మోటర్, దిండు గలీబు, చీపురు కట్టె కలిపి తనే మిషన్ చేసుకున్నడు, 1908ల పేటెంట్ వచ్చింది, తర్వాత దాన్ని విలియం హూవర్ అనే వ్యాపారి కొనుక్కున్నడు, హూవర్ కంపెనీ ఆయనదే. ఇసొంటిది చిన్నగ మనమే తయారు చేస్తే ఎట్లుంటది? ఏం ఉంచాలె, ఏం మార్చాలె?

కొత్తవాడ అక్క:
తమ్మీ, మాది జంపఖానాలు నేసే ఇల్లు. వరంగల్ దర్రీలకు 2018ల జీఐ (ఆ ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చింది గాని వాటిని శుభ్రం చేసుడు మాత్రం పాత పద్ధతే, తీగ మీద ఏసి కట్టెతోని కొట్టుడు. నువ్వు చెప్పే మిషన్‌ల బ్రష్‌తోని పాటు తిరుగుతూ జంపఖానాను కొట్టే పట్టీ ఉంటే నాకు కావాలె, పై పైన గుంజితే పోగుల సందులకు దిగిన ఇసుక రాదు. కాని ఇంట్ల మిగిలిందంత టైల్స్, షాబాద్ బండలే. ఆ బ్రష్ బండ మీద తిరిగితే బియ్యం గింజలు గోడ దాకా ఎగిరిపోతయ్. బ్రష్ ఆపుకునే స్విచ్ వేరేగ పెట్టు. ఇంకోటి, మా ఇంట్ల నలుగురం ఆడోళ్లం, వెంట్రుకలు బ్రష్‌కు చుట్టుకుంటయ్, రోలర్ చేతితోనే ఊడొచ్చేటట్టు ఉండాలె.

కరీంనగర్ మెకానిక్:
అన్నా, అక్క అడిగిన కొట్టే పట్టీ హూవరోళ్లు 1926లనే పెట్టిన్రు, అది తప్పక ఉంచు. మార్చాల్సింది గాలి దారి. పాతదాంట్ల బ్రష్ ఎనకనే ఫ్యాన్ ఉంటది, దుమ్మంతా ఫ్యాన్ రెక్కల నుంచే సంచిల పడతది, రూపాయి బిళ్ల పోయిందంటే రెక్క ఇరుగుతది. ఇంక ఒట్టి గుడ్డ సంచి అయితే సన్న దుమ్ము మళ్ల రూంలకే వస్తది, మా దిక్కు గ్రానైట్ దుమ్ము చూసినోళ్లకు ఎరుకే. సంచి ముందు, మోటర్ ఎనక పెట్టు, గాలి బయటికి పోయే కాడ సన్న దుమ్మును పట్టే హెపా ఫిల్టర్. వాట్లకోసం ఎగబడకు, యూరప్‌ల 2014ల 1600 వాట్ల లిమిట్ పెట్టి 2017ల 900కు దించిన్రు, అయినా మంచి మిషన్లు వస్తనే ఉన్నయ్. మోటర్ బీఎల్‌డీసీ పెట్టు, దాన్ని ఎలక్ట్రానిక్ బోర్డు నడిపిస్తది, చప్పుడు తక్కువ, మోటర్ లోపల రాసుకుంటూ అరిగిపోయే కార్బన్లు మార్చే పని లేదు.

హన్మకొండ వైండింగ్:
బీఎల్‌డీసీ కాడ నేను ఒప్పుకోను భయ్యా. బోర్డు పోతే ఆ కంపెనీ బోర్డే కావాలె, పదేండ్లకు అది దొరకకపోతే మంచి బాడీ పాత సామాన్లకు పోతది. కార్బన్లు ఏ ఊర్లనైనా దొరుకుతయ్, కాలితే నాలాంటోడు చుట్టిస్తడు. ఈ డిజైన్ మీద నాకున్న ప్రేమంతా అదే. గాలి దారి మాట మాత్రం నూటికి నూరు పాళ్లు కరెక్ట్. అక్కా, బయటి సంచి మీ కొత్తవాడ బట్టతోనే కుట్టిద్దామనుకుంటున్న, గాలి ఆడుతదా?

కొత్తవాడ అక్క:
ఆడుతది గాని సన్న దుమ్మును ఆపదు తమ్మీ. లోపల వేరే సంచి ఉండాలె, మాది పైన కవర్ లెక్క.

కాజీపేట:
పేటెంట్ 1908ది కాబట్టి ఆ పద్ధతి ఎవరైనా వాడుకోవచ్చు. పాత కంపెనీ పేరు, లోగో మాత్రం ముట్టకు, వాటికి ఇప్పటికీ హక్కుదారులున్నరు.

హన్మకొండ వైండింగ్:
సరే అన్నా, పేరు మనదే పెడత. ఇప్పుడే మా ఇంట్ల దివాన్ కింద టేప్ పెట్టి చూసిన, 5 అంగుళాల సందే ఉంది, నేననుకున్న మోటర్ నిలబెడితే 6 అయితాంది. పండబెట్టి బిగించాలె, అప్పుడు బెల్ట్ ఎటు నుంచి తియ్యాలెనో గీసి చూస్తున్న.