‘పవిత్ర యోధుల క్రమం’ కాకుండా ఇంకేమనొచ్చు? పదువు, కొట్టం మీద చర్చ

కావలి నుంచి ప్రశ్న:
అందరికీ నమస్తే. మేం నలుగురం ఫ్రెండ్స్ ఆదివారాలు పాచికలేసి ఆడే కథల ఆట ఒకటి ఆడతా ఉంటాం, ఒకడు కథ చెప్తాడు, మిగతావాళ్ళు పాత్రలు. ఈసారి మొత్తం తెలుగులోనే రాద్దామని నేను పట్టుబట్టా. కథలో దేవుడి పేరున ప్రమాణం చేసి కత్తి పట్టిన పాలడిన్‌ల ఆర్డర్, అంటే కట్టుబాట్లున్న యోధుల సంఘం, ఒకటి ఉండాది, వాళ్ళకి తొమ్మిది ప్రాంతాలు, ఒక్కోదానికి మధ్యలో కోట, చుట్టూ ఊళ్ళు, పన్ను వసూలు కూడా వాళ్ళదే. ‘పవిత్ర యోధుల క్రమం’, ‘కోటతో కూడిన భూభాగం’ అని రాశా. పైకి చదివితే నోట్లో ఇసక పడ్డట్టు ఉండాది. మంచి మాటలుంటే చెప్పండి.

ఒంగోలు నుంచి:
తమ్ముడూ, ముందు ‘క్రమం’ తీసెయ్. క్రమం అంటే వరస, అంతే. ‘పవిత్ర’ కూడా అతకదు, మనం నీళ్ళనీ చోటునీ పవిత్రం అంటాం, తద్దినం పెట్టేటప్పుడు వేలికి పెట్టుకునే దర్భ ఉంగరం పేరే పవిత్రం, కత్తి పట్టిన మనిషికి ముందు తగిలిస్తే నప్పదు. అసలు పాలడిన్ అనే మాటలో భక్తి లేనే లేదు. లాటిన్‌లో పలాటినుస్ అంటే రాజభవనం మనిషి, రోములో చక్రవర్తుల భవనాలు పాలటైన్ కొండ మీద ఉండేవి కాబట్టి ఆ పేరు, తర్వాత ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ కథల్లో ఆయన పన్నెండుమంది వీరులకి అంటుకుంది, దేవుడు ఆ తర్వాతే వచ్చి చేరాడు.

నీకు కావాల్సిన రెండు మాటలూ మన అద్దంకి శాసనంలోనే ఉన్నాయి. క్రీ.శ. 848, తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడిది, తెలుగులో తొలి పద్యశాసనం అని చెప్పుకునేది ఇదే, ఛందస్సు తరువోజ. అందులో ఈ ముక్క చూడు:

‘సామంత పదువతో బోయ కొట్టముల్ వండ్రెండు గొని’

పదువ, మన మాటలో పదువు, అంటే గుంపు, దండు. సామంతుల దండుతో పోయి బోయల కొట్టాలు పన్నెండు పట్టుకున్నాడు. ఆ కొట్టం అంటే ఒక్క కోట కాదు, కోటా దాని కింద ఉన్న నేలా కలిపి. నువ్వడిగిందీ అదే కదా. చివర్లో ‘కట్టెపు దుర్గంబు గడు బయల్ సేసి కందుకూర్ బెజవాడ గావించె మెచ్చి’ అంటాడు. దుర్గాన్ని ‘బయలు చేశాడు’, అంటే నేలమట్టం చేసి ఖాళీ మైదానంగా మిగిల్చాడు, ఎంత చిన్న మాటతో ఎంత పని చెప్పాడో చూడు! నేను కందుకూరు మీదుగా బస్సులో పోయినప్పుడల్లా ఈ పాదం నోట్లో తిరగతానే ఉంటది. ఇదే శాసనంలో పండరంగడిని ‘పరమ మాహేశ్వరుండు’ అన్నారు కూడా, అంటే యుద్ధం చేసే చేయీ దేవుడికి దణ్ణం పెట్టే చేయీ ఒకటే.

ఆత్మకూరు నుంచి:
అన్నా, శాసనం మాట నిజమే గానీ, ఈరోజు మా ఇంట్లో కొట్టం అంటే గొడ్లకొట్టమే. మా అమ్మ పొద్దున్నే ‘కొట్టంలో పేడ తీశావా’ అంటది. ఆటలో ఒకడు ‘నేను కొట్టానికి అధిపతిని’ అంటే మిగతావాళ్ళకి ఏం కనపడతది? మా వైపు ఉదయగిరి ఉండాది గదా, విజయనగరం వాళ్ళ లెక్కలో అది కోట ఒక్కటే కాదు, దాని కింద సీమంతా కలిపి ఉదయగిరి రాజ్యం అనేవాళ్ళు. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర నుంచి గెలుచుకుని అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించిందీ ఈ ఉదయగిరి నుంచే. ‘రాజ్యం’ అనో ‘సీమ’ అనో పెట్టొచ్చు గదా.

ఒంగోలు నుంచి:
అక్కా, సీమ బాగానే ఉంది, కాకపోతే అందులో కోట కనపడదు. రాజ్యం అంటే ఇప్పుడు రాజు కావాలి, తమ్ముడి కథలో రాజు లేడు. మాల్టా దీవిని 1530 నుంచి 1798 దాకా ఏలింది ఇట్టాంటి వ్రతం పట్టిన యోధులే, వాళ్ళ పెద్దని వాళ్ళే ఎన్నుకునేవాళ్ళు, మొదట్లో వీళ్ళ పని జెరూసలేంలో యాత్రికులకి వైద్యం. గొడ్లకొట్టం సంగతి మీరన్నది కరెక్టే, అందుకే ఒంటిగా వాడకుండా ముందు ఒక పేరు తగిలించాలి. ‘బోయకొట్టం’ అంటే ఎవరికీ పేడ గుర్తుకురాదు. అట్టాగే వీరకొట్టం, ఉత్తరకొట్టం. గోడల లోపల కాపాడుకునే చోటు అన్న అర్థం గొడ్లకొట్టంలోనూ కోట ఉన్న కొట్టంలోనూ ఉంది, నాకైతే అది లోపం అనిపించదు.

కావలి నుంచి:
అన్నా, మరి ఒక్కో మనిషిని ఏమనాలి? పదువు గుంపుకి సరే.

ఒంగోలు నుంచి:
రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనం, 1261, అందులో గోళకీ మఠం అనే శైవ మఠం వాళ్ళ అగ్రహారానికి కాపలా పెట్టిన వాళ్ళ పేరు ‘వీరభద్రులు’. మన త్రిపురాంతకంలోనూ ఆ మఠం ఉండేది. మఠం, దాని ఊరు, దాన్ని కాచే భక్తులు, నీ కథకి ఇంతకంటే దగ్గర ఇంకోటి దొరకదు. మీ ఆటలో దేవుడు వేరే కాబట్టి ఆ పేరు అట్టాగే ఎత్తుకోవద్దు, ఆ దేవుడి పేరుకి ‘భటుడు’ చేర్చు చాలు.

కావలి నుంచి:
ఇట్టా రాశా, చూడండి: ‘పదహారో ఏట సూర్యభటుల పదువులో చేరాడు. ఉత్తరకొట్టం గోడ మీద మూడేళ్ళు రాత్రికాపు కాశాడు.’

ఆత్మకూరు నుంచి:
ఇది నోరు తిరిగే తెలుగు అబ్బయా, బాగుండాది. ఒకటి చూసుకో, ఫోన్ కీబోర్డు ‘పదువు’ని ‘పదవి’గా మార్చేస్తది, నాకు ఇప్పుడే రెండుసార్లు మార్చింది.