ఆర్కిడ్ వేర్లు కుళ్ళిపోతున్నాయి, ఏం చేయాలి?

కూకట్‌పల్లిలో మూడో అంతస్తు మాది. పెళ్ళిరోజుకి మా ఆయన ఊదారంగు ఫెలనాప్సిస్ రకం ఆర్కిడ్ తెచ్చారు. తులసికి పోసినట్టే రోజూ చెంబుడు నీళ్ళు పోశాను. పువ్వులు రాలాయి, కింది ఆకులు పసుపెక్కాయి. కుండీ కదిపితే కుళ్ళు వాసన. 650 రూపాయల మొక్క, టెన్షన్‌గా ఉంది.

— అమ్మా, ప్రేమ ఎక్కువైంది! నా మొదటి రెండూ ఇలాగే పోయాయి. ఇది అడవిలో చెట్టును పట్టుకుని పెరిగే మొక్క, అయితే బదనికలా దాని రసం పీల్చదు. వేర్లకు గాలి కావాలి, మట్టి వద్దు. బయటికి తీసి, మెత్తబడ్డ వేర్లన్నీ స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో కోసేయండి. గట్టిగా ఉన్నవి ఉంచండి. చిల్లుల కుండీలో బొగ్గు ముక్కలు, కొబ్బరి పెచ్చు ముక్కలు వేసి నాటండి. పెచ్చులు ముందు నానబెట్టి, రెండు మూడుసార్లు కడగాలి, ఉప్పు ఉంటుంది.

— మరి నీళ్ళెప్పుడు పోయాలండీ?

— వారాలు లెక్కపెట్టకండి, వేర్లు చూడండి. ఎండితే వెండిరంగు, తడిస్తే ఆకుపచ్చ. వెండిరంగుకి వచ్చాకే పోయండి, పొద్దున పూట. ఆకుల మధ్య నీరు నిలిస్తే దూదితో అద్దేయండి.

— తూర్పు బాల్కనీ అయితే మంచిది. మే ఎండ మాత్రం తగలనివ్వద్దు, మాది ఒక్క మధ్యాహ్నంలో మాడిపోయింది.

— కోసేశాను. నాలుగు వేర్లు మిగిలాయి. మా అత్తగారు ఇంకా చెంబు పట్టుకునే తిరుగుతున్నారు!