ఇయర్‌ఫోన్ తీసేసినా ఉన్నట్టే చూపిస్తున్న ఫోను: ఎవరికి ఏది పనిచేసింది?

సాగరతీరం (విశాఖపట్నం)

ఇయర్‌ఫోన్ తీసేసి చాలాసేపైనా ఫోను తెర పైన హెడ్‌ఫోన్ గుర్తు పోవడం లేదు. రింగు మోగుతుంది. ఎత్తాక అవతలివారి మాట నాకు, నా మాట వారికి వినిపించదు. స్పీకర్ బటన్ నొక్కితేనే మాట్లాడగలుగుతున్నాను. పాటలు, వీడియోలు అసలు పలకడం లేదు. ఫోను ఆపి మళ్లీ వేశాను, బ్లూటూత్ కట్టేశాను, మార్పు లేదు. సర్వీస్ సెంటర్‌లో మదర్‌బోర్డు మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన ధర కొత్త ఫోను ధరలో సగానికి పైనే. ఊళ్లో ఒంటరిగా ఉండే అమ్మ ఫోన్ చేస్తే ఆఫీసులో నలుగురి మధ్య స్పీకర్ పెట్టి మాట్లాడలేను కదా. 3.5 మి.మీ. జాక్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోను. ఎవరికైనా ఇలా వచ్చి బాగుపడి ఉంటే దయచేసి చెప్పండి.

రేడియో అభిమాని (తెనాలి)

సాగరతీరం గారూ, బోర్డు మాట ఇప్పుడే వద్దు. మీ ఫోనులో ఎఫ్‌ఎం రేడియో ఉంటే ఒకసారి తెరవండి. చాలా ఫోన్లలో ఎఫ్‌ఎంకు ఇయర్‌ఫోన్ తీగే యాంటెన్నా. అందుకే తీగ లేకపోతే "ఇయర్‌ఫోన్ పెట్టండి" అని అడిగి ఆగిపోతుంది. అడగకుండా నేరుగా స్టేషన్లు వెతకడం మొదలుపెట్టిందంటే తప్పుడు కబురు జాక్ దగ్గరే పుడుతోందని అర్థం. అడిగిందంటే జాక్ బాగానే ఉన్నట్టు. అప్పుడు ఏదో యాప్ శబ్దాన్ని దారి మళ్లిస్తోందేమో వెతకాలి. సేఫ్ మోడ్‌లో ఫోను తెరిస్తే మనం వేసుకున్న యాప్‌లన్నీ పక్కకు తప్పుకుంటాయి, తేడా వెంటనే తెలుస్తుంది.

సాగరతీరం

రేడియో తెరిచాను. ఇయర్‌ఫోన్ అడగలేదు, నేరుగా వెతుకుతోంది.

కొండపల్లి బొమ్మ (విజయవాడ)

అయితే జాక్ శుభ్రం చేస్తే సరి. పిన్నీసు చివర కాస్త దూది చుట్టి లోపల తిప్పండి. మా ఇంట్లో అలాగే చేస్తాం.

టంకంపని (హైదరాబాద్)

పిన్నీసు మాత్రం వద్దండి. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో మొబైల్ రిపేరు నా వృత్తి. పిన్నీసుతో పలకలు వంచుకుని వచ్చిన ఫోన్లు చూసినప్పుడల్లా బాధేస్తుంది, ఎందుకంటే అంతకు ముందు అవి తుడిస్తే బాగుపడేవి.

జాక్ లోపల సన్నని స్ప్రింగు పలకలు ఉంటాయి. ప్లగ్గు దిగగానే వాటిలో ఒకటి కదులుతుంది. ఏదో పెట్టారని ఫోనుకు తెలిసేది ఆ కదలికతోనే. ఆ తర్వాత మైకు పలకకు కొద్దిపాటి కరెంటు పంపి, అవతల మైకు ఉందో లేదో చూస్తుంది. పలక వంగి అలాగే ఉండిపోయినా, చెమటో ఉప్పుగాలి తేమో రెండు పలకలను కలిపేసినా, నిజంగా ప్లగ్గు దిగినదానికీ దీనికీ ఫోను తేడా పోల్చుకోలేదు. స్పీకరు, బోర్డు రెండూ బాగానే ఉండి ఫోను మూగబోయేది ఇందుకే.

తెర మీది గుర్తును కూడా పరిశీలించండి. మైకు లేని హెడ్‌ఫోన్ బొమ్మ అయితే మీ మాట అవతలికి వెళ్తుంది, వారి మాటే మీకు రాదు. మీకు రెండూ పోయాయి కాబట్టి మైకు ఉన్న బొమ్మే కనిపిస్తూ ఉండాలి. అంటే మైకు పలక దగ్గర కూడా తడో చిలుమో ఉండి ఉంటుంది.

కొందరికి పాట దానంతట అదే ఆగిపోతుంది, ఎవరూ పిలవకుండానే గూగుల్ అసిస్టెంట్ లేస్తుంది. ఫోనుకు వైరస్ పట్టిందని భయపడి వస్తారు. ఇయర్‌ఫోన్ తీగ మీది బటన్లు నొక్కితే మైకు దారిలో నిరోధం (రెసిస్టెన్స్) మారుతుంది. ఆండ్రాయిడ్ నిర్దేశాల ప్రకారం కాల్ ఎత్తడానికి, పాట ఆపడానికి 0 ఓమ్‌లు, అసిస్టెంట్‌కు 135, శబ్దం పెంచడానికి 240, తగ్గించడానికి 470. జాక్‌లో తడి ఆరుతున్నకొద్దీ నిరోధం మారుతూ ఉంటుంది, ఎవరో బటన్ నొక్కుతున్నారని ఫోను అనుకుంటుంది. అది వైరస్ కాదు.

ఇప్పుడు చేయవలసింది: ఫోను పూర్తిగా ఆపండి. టార్చి వేసి జాక్ లోపలికి చూడండి. పొడి నూగు ఉంటే చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా వదులు చేసి, ఫోను తలకిందులుగా పట్టుకుని మెత్తని బ్రష్‌తో దులపండి. పచ్చగా చిలుము కనిపిస్తే టూత్‌పిక్‌కు దూది సన్నగా, గట్టిగా చుట్టి, 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, కారకుండా పిండి తుడవండి. బాగా ఆరనిచ్చి, ఇయర్‌ఫోన్ ప్లగ్గును కొన్నిసార్లు పెట్టి తీయండి. ఆ రాపిడికి పలకల మీది పొర పోతుంది. శానిటైజర్ జెల్లు వాడవద్దు, జిగురు మిగిలిపోతుంది. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రేలూ వద్దు.

తెల్లబంగారం (ఆదిలాబాద్)

నేను జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాను. పత్తి సీజన్‌లో నూగు గాలిలోనే తేలుతూ ఉంటుంది, జేబులో ఫోనుకు తప్పించుకునే దారి లేదు. జాక్‌లోకి చేరిన నూగును మనమే ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ ఇంకాస్త లోపలికి దట్టిస్తాం. నా ఫోనులో ప్లగ్గు చివరిదాకా దిగేది కాదు, తీసేశాక కూడా గుర్తు పోయేది కాదు. టూత్‌పిక్‌తో లాగితే అడుగు నుంచి చిన్న బిళ్ల వచ్చింది. అట్టలా గట్టిపడి ఉంది, దాని నడుమ ప్లగ్గు మొన దిగిన గుంట అచ్చుగా కనిపించింది. అది రాగానే గుర్తు పోయింది. పత్తి, మిర్చి యార్డులు, రైసు మిల్లుల్లో పనిచేసేవారు జాక్‌కు వచ్చే చిన్న రబ్బరు మూత పెట్టుకోండి. ఎంతో మేలు.

సాగరతీరం

టార్చి వేసి చూస్తే ఒక పలక అంచున పచ్చని చుక్క కనిపించింది. టంకంపని గారు చెప్పినట్టే తుడిచాను. మొదట గుర్తు పోయి మళ్లీ వచ్చింది. రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున ప్లగ్గు పెట్టి తీశాక ఇక రాలేదు. అమ్మతో ఫోను చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడాను. అందరికీ నమస్కారాలు.

గోదారి గట్టు (దోహా)

నా ఫోనుకు అసలు జాకే లేదు, టైప్-సి పోర్ట్ ఒక్కటే. అయినా హెడ్‌ఫోన్ గుర్తు వస్తోంది! ఇక్కడ వేసవిలో ఏసీ గదిలోంచి బయటికి అడుగు పెట్టగానే ఫోనంతా చెమర్చుతుంది. బియ్యం డబ్బాలో పెట్టమని గదిలో మిత్రులు అంటున్నారు. ఈలోగా సౌండ్‌అబౌట్ అనే యాప్ వేసుకుని శబ్దాన్ని స్పీకర్‌కు మళ్లించి నెట్టుకొస్తున్నాను.

టంకంపని

ఆ యాప్ తాత్కాలికంగా ఆదుకుంటుంది, తడిని మాత్రం ఆరబెట్టదు. టైప్-సి పోర్ట్‌లో 24 పిన్నులు ఉంటాయి. వాటిలో సీసీ1, సీసీ2 అనే రెండూ ఒకేసారి తక్కువ నిరోధంతో గ్రౌండ్‌కు కలిస్తే ఆడియో అడాప్టర్ పెట్టినట్టు లెక్క. యూఎస్‌బీ ప్రమాణంలోనే అలా పెట్టారు, దాన్ని పాటించే ఫోన్లు ఉన్నాయి. ఆ రెండింటినీ తేమ కలిపితే చాలు, మీకు గుర్తు వస్తుంది.

బియ్యం వద్దు. బియ్యపు రేణువులు ఫోనును పాడుచేయగలవని, బియ్యం సంచిలో పెట్టవద్దని ఆపిల్ కూడా తన ఐఫోన్ సూచనల్లో చెబుతోంది. పోర్ట్ కిందికి ఉండేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టండి. గాలి ఆడే పొడి చోట వదిలేయండి. హెయిర్ డ్రయ్యర్ పెట్టవద్దు. అన్నిటికన్నా ముఖ్యం, పూర్తిగా ఆరేదాకా ఛార్జర్ పెట్టవద్దు. తడి మీద కరెంటు పారితే పిన్నులు గంటల్లోనే నల్లబడి తినేసుకుపోతాయి. మీ ఫోనుకు వైర్‌లెస్ ఛార్జింగ్ ఉంటే ఈలోగా అది వాడుకోండి.

రేడియో అభిమాని

తుడిచినా, ఆరబెట్టినా పోకపోతే షాపులో ఏమని అడగాలి?

టంకంపని

"జాక్ సబ్‌బోర్డు మీద ఉందా, మెయిన్‌బోర్డు (మదర్‌బోర్డు) మీద ఉందా?" అని అడగండి. చాలా మోడళ్లలో ఛార్జింగ్ పోర్ట్, మైకు, జాక్ అన్నీ కింది వైపున ఒక చిన్న విడి బోర్డు మీద ఉంటాయి. అది మార్చడానికి మదర్‌బోర్డు ధర అడిగితే లేచి వచ్చేయండి. జాక్ మెయిన్‌బోర్డు మీదే ఉన్నా జాక్ ఒక్కటే విప్పి కొత్తది టంకం వేయవచ్చు. "జాక్ పీకేస్తే గొడవ ఉండదు" అనే మాటకు వెంటనే ఒప్పుకోవద్దు. కొన్ని మోడళ్లలో పలకలు ఆనుకుని ఉంటే ప్లగ్గు లేనట్టు లెక్క, కొన్నింటిలో సరిగ్గా తిరగవేసి ఉంటుంది. మొదటి రకంలో జాక్ పీకితే గుర్తు శాశ్వతంగా నిలిచిపోతుంది. పీకే ముందు మీ మోడల్ సర్క్యూట్ పటం చూశారా అని అడగండి.